పొయ్యిలక్క

ఆ శనివారం బడి వదిలాక, మర్నాడు వస్తున్నానని చెబుదామని పొయ్యిలక్క ఇంటికి ఫోన్ చేశాను. ఆవిడ కోడలు ఎత్తింది. నా వెనక పిల్లలు బస్సులెక్కుతూ ఒకటే గోల. ఒక చెవి మూసుకుని, "అత్తయ్య ఎలా ఉన్నారమ్మా?" అని అడిగాను.

"అత్తయ్యగారు నిద్రించారండి," అంది.

"సరే, లేపొద్దులే. పడుకోనివ్వు. రేపు పొద్దున పాసింజరుకి నేనే వస్తాగా," అన్నాను.

ఆ పిల్ల నెమ్మదిగా, "అది కాదండి. ప్రభువునందు నిద్రించారు. బుధవారం. గురువారం భూస్థాపన కూడా అయిపోయిందండి. ఆ గడబిడలో మీకు చెప్పడం మర్చిపోయాం," అంది.

ఏమన్నానో గుర్తు లేదు. ఫోన్ పెట్టేశాక కూడా, లేపొద్దులే అన్న నా మాటే చెవిలో తిరుగుతోంది.

ఆవిడకు బాప్తిస్మం నాడు పెట్టిన మంచి పేరు ఉంది. కానీ భట్టిప్రోలు నుంచి రేపల్లె దాకా కాలవల వెంట ఏ ఊళ్ళోనూ ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు. పొయ్యిలక్క అంటే చాలు, పిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఇక్కడ కూడా ఆ పిలుపే ఉంచుతున్నాను.

ఎవరింటికి వెళ్ళినా ఆవిడ ముందు మనుషుల ముఖాలు చూసేది కాదు. తలెత్తి ఇంటి కప్పు చూసేది. వాసాలు ఎంత నల్లబడ్డాయో చూశాక, పొయ్యి పైన గోడకు నడిమివేలు రాసి, ఆ మసిని బొటనవేలితో నలిపేది. జిడ్డుగా తగిలితే, "పచ్చికట్టె పెడుతున్నావు గదంటే?" అనేది ఇల్లాలితో. ఇల్లాలు నోరు తెరిచేది. అప్పుడు గానీ ఆమె వంక తిరిగి "బాగున్నావా?" అని అడిగేది కాదు.

వంటింట్లో పొయ్యికి ఎదురుగా ఎప్పుడూ కూర్చోలేదు. ఎడమ పక్కన, కాస్త వెనక్కి జరిగి కూర్చునేది. కుడి ముంజేతి మీద వెంట్రుక ఒక్కటి లేదు. కొలతలన్నీ జానలు, బెత్తెళ్ళు, వేళ్ళు. ఒకసారి నేను టేపు కొనిస్తే రెండు రోజులు ఉంచుకుని తిరిగి ఇచ్చేసింది. "చెయ్యి అయితే ఇంట్లో మర్చిపోయి రాను గదమ్మా," అంది.

కొత్త పొయ్యి ఆరిపోయి మొదటిసారి వెలిగించే రోజున ఇంటిల్లిపాదీ మంట చుట్టూ మూగేవాళ్ళు. ఆవిడ మాత్రం వీధిలోకి పరిగెత్తేది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, కప్పు మీద పైకి లేచిన గొట్టం వంక చూస్తూ నిలబడేది. గొట్టంలోంచి పొగ కనిపించగానే "వచ్చిందే! వచ్చిందే!" అని లోపలికి కేకేసేది. ఆ కేక విని దారిన పోయేవాళ్ళు ఎవరో చుట్టాలొచ్చారేమోనని ఆగి చూసేవాళ్ళు.

పెళ్ళయిన కొత్తల్లో, ప్రభుత్వం వాళ్ళు పొగలేని పొయ్యిల పథకం పెట్టినప్పుడు ఆవిడకు బాపట్లలో పది రోజులు ఆ పని నేర్పారట. కాలవ బంకమన్నులో ఊక, పేడ కలిపి మాగబెట్టడం, రెండు గిన్నెలు కూర్చునేట్టు రెండు కన్నాలు తియ్యడం, మధ్యలో పొగకు దారి, వెనక గొట్టం. కొన్నేళ్ళకు ఆ పథకం ఎత్తేశారు. ఎత్తేశామని ఆవిడకు చెప్పినవాళ్ళు లేరు. గొట్టాలు ఇవాళ వస్తాయి, రేపు వస్తాయి అని రెండేళ్ళు ఎదురుచూసింది. తర్వాత తనే ఎక్కడెక్కడో పాత సిమెంటు గొట్టాలు వెతికి పట్టుకుని, పిలిచిన ఇంటికల్లా వెళ్ళి కట్టడం మొదలుపెట్టింది.

నేను ఆవిణ్ణి మొదట చూసింది ఎనిమిదేళ్ళ కిందట. దేశంలో రాబోయే సంవత్సరాల్లో ఎండనుంచి ఎంత కరెంటు తియ్యాలి, గాలినుంచి ఎంత తియ్యాలి, ఎన్ని ఇళ్ళలో కట్టెల పొయ్యి మాన్పించాలి అని పైన ఎక్కడో పెద్ద ప్రణాళిక తయారవుతోందని చెప్పి, దానికి ఊళ్ళలోని వివరాలు రాసుకురావడానికి మాలాంటి డిగ్రీవాళ్ళను కొన్ని నెలల కాంట్రాక్టు మీద తీసుకున్నారు. మాది తెనాలి. నాకు భట్టిప్రోలు వైపు ఊళ్ళు పడ్డాయి. చేతికి ఒక ట్యాబ్ ఇచ్చారు. ఇంటింటికీ తిప్పడానికి, వంటిళ్ళు తెలిసిన మనిషని ఊళ్ళోవాళ్ళు ఆవిణ్ణి నాకు తోడిచ్చారు.

మొదటి ఇంట్లోనే గొడవొచ్చింది. ఇంట్లో గ్యాస్ స్టవ్ ఉంది, మీద గుడ్డ కప్పి ఉంది. పెరట్లో కట్టెల పొయ్యి మండుతోంది. నేను "ప్రధాన వంట ఇంధనం" అన్న చోట గ్యాస్ అని నొక్కాను. కనెక్షన్ ఉన్న ఇంటికి గ్యాస్ అనే రాయాలని మాకు ముందే చెప్పారు.

ఆవిడ నా భుజం మీదుగా తొంగి చూసింది. "ఏం రాశారమ్మా?"

"గ్యాస్ అక్కా."

ఆవిడ వెళ్ళి స్టవ్ మీద గుడ్డ తీసి, బర్నరు మీద అరచెయ్యి ఆనించి చూపించింది. "చల్లగా ఉంది చూడండి. పండక్కో, చుట్టాలొస్తేనో ముట్టిస్తారు. రోజూ కూడు ఉడికేది ఆ పెరట్లో. రెండూ రాసుకోండి."

"రెండు రాయడానికి లేదు అక్కా. ఒకటే తీసుకుంటది ఇది."

"మరి పొయ్యి ఎక్కడ రాస్తారు?"

"రాయక్కర్లేదు."

ఆ నెలరోజులూ ఆవిడ ప్రతి ఇంట్లోనూ గ్యాస్ స్టవ్ మీద చెయ్యి ఆనించి నా వంక చూసేది. నేను తల వంచుకుని గ్యాస్ అని నొక్కేదాన్ని. ఉద్యోగం కొత్త. అడిగితే ఏమంటారోనని భయం. ఒక్కసారైనా పై ఆఫీసరుకు ఫోన్ చేసి ఇలా ఉందండి అని చెప్పొచ్చు. చెప్పలేదు.

మధ్యలో నాలుగు రోజులు దుగ్గిరాల వైపు కూడా పంపారు. అక్కడ ఒక ఊళ్ళో, పసుపు వేసే రైతు ఇంట్లో పెద్దావిడ నాకు తోడొచ్చిన పొయ్యిలక్కను గుర్తుపట్టి, పాత పొయ్యి బీటలిచ్చింది, మళ్ళీ కట్టిపెట్టమని అడిగింది. నేను కూడా ఆగాను. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఆవిడ వాళ్ళ వంటింట్లో, దేవుడి అలమర పక్కనే మట్టి మెత్తుతూ కూర్చుంది. పని అయ్యాక చేతులు కడుక్కోవడానికి పెరటి వైపు పంపారు. మంచినీళ్ళు నాకు గ్లాసుతో లోపల ఇచ్చారు. ఆవిడకు గుమ్మం అవతల, చెంబు ఎత్తి దోసిట్లో పోశారు.

దారిలో నేనేదో అనబోతే ఆవిడే అంది. "మనం గడప దాటగానే పసుపునీళ్ళు చల్లుకుంటారు లెండి. ఎప్పుడూ ఉన్నదే. మట్టి ఆరేదాకా చల్లొద్దని మాత్రం చెప్పి వచ్చా. తడి మీద తడి పడితే పగుళ్ళిచ్చేస్తది."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. పొయ్యి గురించే చెప్పింది.

ఆ శీతాకాలమే బాపట్లలో ఒక పెద్ద సమావేశం పెట్టారు. సముద్రం ఒడ్డున గాలిమరలు, కప్పుల మీద సోలారు పలకలు, పేడ గ్యాసు, అన్నిటి మీదా పెద్ద తెరపై బొమ్మలు వేసి మాట్లాడారు. మధ్యాహ్నం భోజనాల ముందు కొత్త పొయ్యి చూపించారు. నిగనిగలాడే ఇనప పొయ్యి, బకెట్టంత ఉంది. అందులో సరుగుడు కర్ర ముక్కలు వేలెడేసి నరికి వేసి, పైన నీళ్ళగిన్నె పెట్టి, ఎంతసేపట్లో మరిగాయో గడియారం చూసి చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. పొయ్యిలు కట్టినవాళ్ళు ఎవరైనా మాట్లాడతారా అని అడిగితే నేను ఆవిణ్ణి లేపి నిలబెట్టాను.

మైకు పట్టుకోవడం రాలేదు. దాన్ని పక్కకు పెట్టేసి అడిగింది. "దీని మీద అన్నం వార్చారా సార్?"

ఢిల్లీ నుంచి వచ్చిన ఆఫీసరుకు పక్కాయన ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన కుర్చీలో ముందుకు వంగాడు.

"మాకు అన్నం గంజి వార్చాలి సార్. గిన్నె ఒంపాలి. పొయ్యి ఇంత సన్నంగా ఉంటే గిన్నెతో పాటు పొయ్యి కూడా ఒరిగిపోద్ది. పక్కన పిల్లలు ఆడుకుంటా ఉంటారు. ఇంకోటేంటంటే, ఇంత చిన్న ముక్కలు కొట్టుకుంటా కూర్చునే తీరిక మాకుండదు. మేం పెట్టేది కందికంప, మొక్కజొన్న కండెలు, తాటాకు. అవి దీంట్లో పట్టవు. నోరు ఇంకాస్త వెడల్పు చెయ్యండి. కాళ్ళు మూడు కాకుండా నాలుగు పెట్టండి. అంతే."

ఆయన నిజంగానే శ్రద్ధగా విన్నాడు. జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాడు. తర్వాత భోజనాలకు లేచారు.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, "రాసుకున్నాడు చూశారా? పెన్నుతో రాసుకున్నాడు," అని రెండు మూడుసార్లు అంది. నేను ఆవిణ్ణి అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు. ఆ సంతోషంలోనే, నేను అడగకుండానే, ఎప్పుడూ చెప్పని మాట చెప్పింది.

"నాకు మొదట పుట్టింది ఆడపిల్లమ్మా. ఎనిమిది నెలలకు పోయింది. నిమ్ము చేసిందన్నారు. వానాకాలం. ఒకటే గది. అందులోనే పొయ్యి, అందులోనే పడక. ఏడుస్తుంటే ఒళ్ళో పెట్టుకునే వండేదాన్ని. పొగకు దానికి కళ్ళమ్మట నీళ్ళు కారేయి. నేను ఆకలనుకుని పాలిచ్చేదాన్ని."

బస్సు ఎక్కడో ఆగింది. జనం ఎక్కారు. ఆవిడ గొంతు తగ్గించలేదు.

"మరుసటేడు ఇదే బాపట్లలో పొయ్యిలు నేర్పారు గదా. ఓ అమ్మగారు బొమ్మ పెట్టి చెప్పింది, పొగ పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము వచ్చిద్దని. అందరూ రాసుకుంటున్నారు. నేను అట్టా కూర్చుండిపోయా. అప్పటిదాకా ఎవరూ నాకు చెప్పలేదమ్మా. దేవుడు తీసుకున్నాడనే అనుకున్నా."

అప్పుడు నాకు అర్థమైంది, వీధిలో నిలబడి ఆవిడ ఎందుకలా కేకేసేదో.

ఏడాది తిరిగేసరికి ఆ ఇనప పొయ్యిలు వచ్చాయి. నోరు అంతే ఉంది. కాళ్ళు మూడే ఉన్నాయి. మా పక్క రెండు మూడు ఊళ్ళకు పంచారు. వాటిలో కోళ్ళకు నూకలు పోసినవాళ్ళున్నారు, గోరింటాకు మొక్క పెట్టుకున్నవాళ్ళున్నారు. ఆవిడ ఊరికి అవి కూడా రాలేదు. అడగడానికి వెళ్తే, మీ ఊళ్ళో కట్టెల పొయ్యి వాడే ఇల్లే లేదు కదా, జాబితాలో అందరికీ గ్యాసే కదా అన్నారట. ఆ జాబితా నేను రాసిందే.

ఆవిడ ఆ సంగతి నాతో ఎత్తలేదు. పంచాయతీ ఆఫీసు ముందు "పొగ లేని గ్రామం" అని బోర్డు పెట్టిన రోజున వివరాలు రాసుకొచ్చిన మమ్మల్నందరినీ పిలిచారు. రిబ్బను కత్తిరించారు, ఫోటోలు తీశారు. ఆవిడ కనిపించలేదు. మంచినీళ్ళ కోసం బడి వెనక్కి వెళ్తే అక్కడ రేకుల షెడ్డు కింద ఉంది. అప్పటికి ఆవిడ బడిపిల్లలకు మధ్యాహ్నం భోజనం వండే పనిలో చేరింది. ఆ రోజు వచ్చిన పెద్దలకు కూడా అక్కడే వంట. పెద్ద గుండిగ కింద కట్టె మండుతోంది. షెడ్డంతా పొగ. కొంగు ముక్కుకు కట్టుకుని తెడ్డుతో కలుపుతోంది.

"బోర్డు బాగుందామ్మా?" అని అడిగింది.

నేను దగ్గరికి వెళ్ళాను. తెడ్డు అందుకోబోతే ఇవ్వలేదు. "పొగలో ఉండకండి. మీరు వెళ్ళండి," అంది.

బడికి కూడా గొట్టం పెట్టి పెద్ద పొయ్యి కట్టుకుంటానని ఎన్నోసార్లు అడిగింది. కప్పు రేకుకు కన్నం పెడితే వాన కారుతుందని వద్దన్నారు. అలా ఆరేళ్ళు వండింది. తన చేత్తో కట్టిన పొయ్యిలు అన్ని ఇళ్ళలో ఉండగా, ఆవిడ బతుకుతెరువు మాత్రం మూడు రాళ్ళ మీద పొగలోనే గడిచింది.

మొదట మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చేది. తర్వాత మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది. నా కాంట్రాక్టు అయిపోయి తెనాలిలో ఒక ప్రైవేటు బళ్ళో చేరాక కూడా అప్పుడప్పుడూ ఫోన్ చేసేదాన్ని. గొంతులోని గురక ఫోన్లోనే వినిపించేది. బలవంతంగా తెనాలి పిలిపించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కుర్రాడు, నెమ్మదస్తుడు. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి అడిగాడు.

"పెద్దమ్మా, చుట్ట తాగుతావా?"

"లేదండి."

"బీడీ?"

"లేదండి."

"మరి ఏ అలవాటూ లేదా?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "పొయ్యి అలవాటండి," అంది.

డాక్టరు చీటీ మీద పెట్టిన పెన్ను ఆపాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయని, పోయింది తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని చెప్పాడు. పీల్చే మందు రాశాడు. "ఇక పొగ దగ్గరికి వెళ్ళకూడదు," అన్నాడు. ఆవిడ బుద్ధిగా తలూపింది. మెట్లు దిగుతూ నాతో అంది. "దగ్గరికెళ్ళకూడదంట. అదే మనదగ్గరికి వస్తే ఏం చెయ్యాలో అడగాల్సింది."

ఈ కార్తీకంలో తుఫాను పట్టి వానలు ఆగకుండా కురిశాయి. ఒక ఆదివారం చూసి రావడానికి వెళ్ళాను. భట్టిప్రోలులో రైలు దిగి ఆటోలో కాలవ కట్ట మీద వాళ్ళ ఇంటికి వెళ్ళేసరికి నడుము దాకా తడిశాను. తలుపు తియ్యగానే కళ్ళు మండాయి. ఒకటే పెద్ద గది. ఒక మూల మంచం మీద ఆవిడ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది, పడుకుంటే ఊపిరాడదు. ఎదుటి మూల మూడు ఇటుకల మీద కోడలు వండుతోంది. వానకు పెరట్లో వండే వీల్లేదు. తడి కట్టె. పొగ కప్పుకు తగిలి మళ్ళీ కిందికి దిగుతోంది.

"గ్యాస్ ఏమైందమ్మా?" అన్నాను.

"అయిపోయి రెండు నెలలైందండి. మా ఆయన రొయ్యల చెరువుల మీద పని లేక ఇంట్లోనే ఉన్నారు," అంది కోడలు. కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. అది ఏడుపో పొగో తెలియలేదు.

అంతమందికి కట్టినావిడ తన ఇంట్లో కట్టుకోలేదా అంటే, కట్టుకుంది. నిరుడు కాలవ పొంగి ఇంట్లోకి మోకాటిలోతు నీళ్ళొచ్చినప్పుడు అది కరిగి పోయింది. గొట్టం మాత్రం మిగిలింది. మళ్ళీ కట్టడానికి ఆవిడకు ఊపిరి లేదు.

"నువ్వు నేర్చుకోలేదామ్మా?" అన్నాను కోడలితో.

ఆ పిల్ల తల వంచుకుంది. "పెళ్ళయిన కొత్తల్లో నేర్పుతానన్నారండి. నేను డిగ్రీ చదివాను, మట్టి పిసకను అన్నాను. మళ్ళీ ఎప్పుడూ అడగలేదండి."

మంచం మీంచి పొయ్యిలక్క చెయ్యి ఊపింది, ఆ పిల్లను ఏమీ అనొద్దన్నట్టు.

నేను చీర ఎగదోపుకున్నాను. "నాకు చెప్పక్కా. నేను కడతాను," అన్నాను.

ఆవిడ నా చేతుల వంక చూసింది. తర్వాత తలూపింది.

కోడలు కట్ట దిగి బంకమన్ను తెచ్చింది. ఊక తెచ్చింది. నేను నేల మీద కూర్చుని పిసికాను. ఆవిడకు మాట్లాడే ఊపిరి లేదు కనుక చేతులతోనే చెప్పింది. గాలిలో జాన చూపిస్తే నేను జాన పెట్టాను. నాలుగు వేళ్ళు చూపిస్తే నాలుగు వేళ్ళ మందం మెత్తాను. రెండు కన్నాలూ బాగానే వచ్చాయి. మధ్య దారి దగ్గర తప్పు చేశాను. ఆవిడ అరచెయ్యి వాలుగా పైకెత్తి చూపిస్తోంది. నాకు అర్థం కాలేదు. ఇంకా ఎత్తు మెత్తమంటోందనుకుని మెత్తాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ చూపించింది. నేను మళ్ళీ తప్పే చేశాను.

ఆవిడ మంచం దిగింది. వద్దు అక్కా అంటున్నా వినకుండా, గోడ పట్టుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది. ఎడమ పక్కన, కాస్త వెనక్కి. చెయ్యి మోచేతి దాకా పొయ్యి నోట్లోకి దూర్చి, లోపలి మట్టిని నాలుగు వేళ్ళతో తోడి బయటికి లాగింది. అడుగు వాలుగా పైకి లేచేట్టు నున్నగా అలికింది. నా చెయ్యి పట్టుకుని లోపల పెట్టించింది. ఆ వాలు నా వేళ్ళకు తగిలింది. ఆవిడ కళ్ళతోనే అడిగింది, తెలిసిందా అని. తెలిసింది అక్కా అన్నాను.

ఆ తర్వాత ఆవిడకు ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడ్డాయి. కొడుకు పరిగెత్తుకొచ్చి ఎత్తి మంచం మీద కూర్చోబెట్టి, మందు నోట్లో పెట్టి పీల్పించాడు. చాలాసేపటికి కుదుటపడింది. అతను నన్ను బయటికి పిలిచి, వానలో నిలబడి చేతులు జోడించాడు. "మేడంగారూ, మీ మనసు మంచిదేనండి. కానీ ఆవిణ్ణి పడుకోనివ్వండి. మాకు ఇప్పుడు పొయ్యి కాదండి కావాల్సింది."

నేను లోపలికి వెళ్ళి సెలవు తీసుకున్నాను. ఆవిడ గోళ్ళలో ఇంకా మట్టి ఉంది. నా చెవి దగ్గరికి వంగి, ఒక్కొక్క మాటకూ ఆగుతూ చెప్పింది. "పదిహేను రోజులు... ఆరాలి. తొందరపడి... ముట్టించొద్దని... దానికి చెప్పండి."

కోడలికి చెప్పాను. సరేనండి అంది.

తర్వాతి ఆదివారం బళ్ళో పరీక్షల పని పెట్టారు. వెళ్ళలేకపోయాను. వెళ్ళి ఉంటే ఏదో మారిపోయేదని కాదు. ఆ పై శనివారం ఫోన్ చేస్తే కోడలు ఆ మాట చెప్పింది.

ఆదివారం పొద్దున వెళ్ళాను. వాన తెరిపిచ్చింది కానీ మబ్బు విడవలేదు. గదిలో మంచం లేదు. ఎదుటి మూలకు చూశాను. పొయ్యి కూడా లేదు. నేల శుభ్రంగా కడిగి ఉంది. వెనక గోడకు ఆనించి పెట్టిన గొట్టం ఒక్కటే ఉంది.

కోడలు నా చూపు కనిపెట్టింది. సంజాయిషీ చెప్పుకుంటున్నట్టుగా అంది. "పెట్టె పెట్టడానికి చోటు చాల్లేదండి. బయట వాన. పాస్టరుగారు, సంఘంవాళ్ళు, చుట్టాలు, అందరూ లోపలే నిలబడాలి గదండి. పొయ్యి అడ్డమొచ్చింది. మా ఆయన గడ్డపార తెచ్చారు గానీ, దాంతో పనే లేకపోయింది. చేత్తో లాగితేనే వచ్చేసిందండి. లోపల ఇంకా పచ్చిగానే ఉంది."

"ఆ మట్టి ఏం చేశారమ్మా?"

"కాలవలో వేసేశాం."

నేను కింద కూర్చున్నాను. ఆ పిల్ల పెరట్లోకి వెళ్ళింది. ఇటుకలు మళ్ళీ అక్కడికి చేరాయి. తడికట్టె ఊదుతున్న చప్పుడు, మధ్యమధ్య దగ్గు వినిపించాయి. కాసేపటికి గ్లాసుతో టీ తెచ్చి ఇచ్చి, "పంచదార సరిపోయిందాండి?" అని అడిగింది.

సరిపోయిందన్నాను. పొగవాసన వేసింది. పూర్తిగా తాగి గ్లాసు ఇచ్చాను.